నాపరాళ్ల నేల మీద పాత డీజిల్ కారు: ఇంటి దగ్గరే ఆయిల్ మార్పు

వికారాబాద్ జిల్లా రోడ్ల మీద నేటికీ తిరుగుతున్న పాత కార్లలో డీజిల్ బండ్లు ఇంతగా కనిపించడానికి మూలం ఇంధన ధరల చరిత్రలో ఉంది. 2014 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం డీజిల్ ధర మీద నియంత్రణను ఎత్తివేసేదాకా అది పెట్రోలు కంటే బాగా చవకగా దొరికేది కాబట్టి, తాండూరు నుంచి హైదరాబాదుకు తరచూ తిరిగే వ్యాపారులూ, నాపరాయి గనుల యజమానులూ, పల్లెల మధ్య జనాన్ని చేరవేసే జీపులవారూ కొనుగోలు ధర కొంత ఎక్కువైనా డీజిల్ బండి వైపే మొగ్గారు. 1994లో వచ్చిన టాటా సుమో, 1998 చివర విడుదలైన ఇండికా, 2000లో మొదలైన మహీంద్రా బొలెరో, అదే ఏడాది వచ్చిన టయోటా క్వాలిస్, 2005లో దాని స్థానంలోకి వచ్చిన ఇన్నోవా, 2007లో డీజిల్ ఇంజన్ పొందిన మారుతీ స్విఫ్ట్ ఈ వరుసలోనివే. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమలులోకి రావడంతో మారుతీ సుజుకీ డీజిల్ కార్ల తయారీనే మానుకొన్నది గాని, అప్పటికే రోడ్డెక్కిన బండ్లు ఎక్కడికీ పోలేదు. నంబరు పలక మీద ఉమ్మడి రంగారెడ్డి జిల్లా సంకేతమైన ఏపీ 28 ఉంటే ఆ బండి రాష్ట్ర విభజనకు ముందుదని, 2016 అక్టోబరులో వికారాబాద్ కొత్త జిల్లా అయిన తరువాత వచ్చిన టీఎస్ 34 ఉంటే కాస్త వయసు తక్కువదని చూడగానే పోల్చుకోవచ్చు. సొంత కారుకు చట్టం మొదట 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ ఇచ్చి, ఆపైన బండి స్థితిని పరీక్షించి ఐదేళ్ల చొప్పున పొడిగిస్తుంది. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాల మీద న్యాయస్థానాల ఆదేశాలతో వచ్చిన ఆంక్షల వంటివి తెలంగాణలో లేవు. కనుక ఇక్కడ పాత డీజిల్ బండి ఎంతకాలం నడుస్తుందన్నది ప్రధానంగా దాని ఇంజన్ ఆరోగ్యం మీదా, ఆ ఆరోగ్యం ఇంజన్ ఆయిల్ మీదా ఆధారపడి ఉంటుంది.

ఆయిల్ మార్చడం పెద్ద విద్యేమీ కాదు. షెడ్డులో ఈ పనికి తీసుకునే కూలి కొన్ని వందల రూపాయలకు మించదు కాబట్టి, సొంతంగా చేసుకోవడం వల్ల మిగిలే డబ్బు కూడా చెప్పుకోదగినంత ఉండదు. అయినా ఇందులో యజమానికి దక్కే లాభం ఒకటి ఉన్నది: డబ్బాలోంచి లోపలికి పోయినదేమిటో, ఇంజన్‌లోంచి బయటికి వచ్చినదేమిటో తన కళ్లతో చూస్తాడు. వయసు మీరిన ఇంజన్ విషయంలో ఈ చూపు విలువ కూలి డబ్బుల కంటే చాలా ఎక్కువ.

డీజిల్ ఇంజన్‌లో ఆయిల్ పడే శ్రమను అర్థం చేసుకోవాలంటే అందులో మంట పుట్టే తీరును కొంత తెలుసుకోవాలి. పెట్రోలు ఇంజన్‌లో ఉండే స్పార్క్ ప్లగ్గు ఇందులో ఉండదు. సిలిండరులోకి పీల్చుకున్న గాలిని పిస్టన్ ఇంచుమించు ఇరవయ్యో వంతుకు కుదించినప్పుడు పుట్టే వేడికే, దానిలోకి సన్నని తుంపరగా చిమ్మిన డీజిల్ తనంతట తాను అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు 1897లో విజయవంతంగా నడిపి చూపిన ఈ పద్ధతిలో రెండు చిక్కులు ఉన్నాయి. కుదింపు ఇంత తీవ్రంగా ఉండడం వల్ల పిస్టన్ కడ్డీల కింద ఉండే బేరింగుల మీద ఒత్తిడి అధికంగా పడుతుంది. తుంపర మధ్య భాగానికి గాలి సరిగా అందకపోవడం వల్ల కొంత ఇంధనం పూర్తిగా కాలక మసిగా మిగులుతుంది. ఆ మసిలో చాలా భాగం పొగగొట్టం గుండా పోయినా, కొంత మాత్రం పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి జారి, ఇంజన్ అడుగున ఆయిల్ నిలువ ఉండే తొట్టిలోకి, అంటే మెకానిక్కులు చాంబర్ అనే భాగంలోకి చేరుతుంది. రింగులు అరిగిన పాత ఇంజన్‌లో ఈ జారుడు సహజంగానే ఎక్కువ.

అందుకే డీజిల్ ఇంజన్ కోసం తయారయ్యే ఆయిల్‌లో జారుడు గుణం ఒక్కటే ఉంటే సరిపోదు. మసి రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గడ్డలు కట్టకుండా విడివిడిగా తేలేటట్లు చేసే రసాయనాలు, పిస్టన్ గాళ్లను శుభ్రంగా ఉంచే క్షాళకాలు, లోహం లోహాన్ని రాసుకునే చోట రక్షణ పొరగా ఏర్పడే జింకు, భాస్వరాల సమ్మేళనం, ఆమ్లాలను విరిచే క్షార గుణం గల పదార్థాలు అందులో కలిపి ఉంటాయి. ఈ మొదటి రకం రసాయనాల వల్లనే కొత్తగా పోసిన ఆయిల్ కొన్ని వందల కిలోమీటర్లు తిరిగేసరికే నల్లబడిపోతుంది. గేజ్ కడ్డీ తీసి చూపించి, నల్లగా ఉన్నది కాబట్టి మార్చాలని చెప్పే మాట పెట్రోలు కార్ల విషయంలో కొంత చెల్లవచ్చునేమో గాని డీజిల్ బండికి చెల్లదు. ఇక్కడ నలుపు, ఆయిల్ తన పని తాను చేస్తున్నదనడానికి గుర్తు. వేళ్ల మధ్య రుద్ది చిక్కదనం తేల్చే పద్ధతి కూడా అనుభవజ్ఞులనే తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే వేడి మారితే చిక్కదనమూ మారుతుంది.

మరి ఎప్పుడు మార్చాలి? దీనికి సమాధానం బండి కంటే ఇంధనంలోనూ ఊరిలోనూ ఎక్కువగా ఉన్నది. డీజిల్‌లో ఉండే గంధకం మండినప్పుడు ఆమ్లాలు ఏర్పడి ఆయిల్‌లోని క్షార గుణాన్ని తినివేస్తాయి. బీఎస్-2 కాలపు డీజిల్‌లో పది లక్షల భాగాలకు 500 భాగాల దాకా గంధకం ఉండవచ్చునని ప్రమాణాలు అనుమతించాయి. బీఎస్-3లో అది 350కి, బీఎస్-4లో 50కి, 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా దొరుకుతున్న బీఎస్-6 డీజిల్‌లో 10కి తగ్గింది. అంటే ఇరవై ఏళ్ల నాటి క్వాలిస్ అయినా, నిన్న కొన్న బండి అయినా తాండూరు బంకులో పోయించుకునేది ఒకే శుద్ధ ఇంధనం. పాత బండి పుస్తకం రాసినవారు భయపడిన ఆమ్లాల బెడద ఇప్పుడు చాలావరకు లేదు. దీన్ని చూసి గడువును పొడిగించుకోవచ్చునని వాదించేవారూ ఉన్నారు. ఆ వాదం సగమే నిజం, ఎందుకంటే గంధకం తగ్గినంత మాత్రాన మసి తగ్గదు, దుమ్ము అసలే తగ్గదు.

దుమ్ము సంగతి ఈ ప్రాంతంలో విడిగా చెప్పుకోవలసినంత పెద్దది. తాండూరు చుట్టూ సున్నపురాయి గనులు, నాపరాళ్లను కోసి నునుపు పట్టే పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు కర్మాగారాలు, వాటి సరుకు మోసే లారీలు ఉండగా, వికారాబాద్ వైపు అనంతగిరి కొండల మీద ఎర్రని జేగురు నేల ఉన్నది. తాండూరువారు సాధారణంగా తెల్లని రాతిపొడిని చూసి బెదురుతారు. నిజానికి సున్నపురాయిలోని ప్రధాన ఖనిజమైన కాల్సైట్, ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే పదంకెల కొలబద్ద మీద 3 దగ్గర ఉండే మెత్తని పదార్థం. అది గాలి ఫిల్టరును త్వరగా పూడ్చివేసి ఇంజన్‌కు ఊపిరాడకుండా చేస్తుంది, నల్లపొగకు కారణమవుతుంది గాని ఇనుమును గీకడం దాని చేతిలో లేదు. రోడ్డు మట్టిలోనూ ఇసుకలోనూ ఉండే క్వార్ట్జ్ అదే కొలబద్ద మీద 7 దగ్గర ఉంటుంది. పగిలిన ఫిల్టరు గుండానో, సడలిన రబ్బరు గొట్టం గుండానో ఆ రేణువులు లోపలికి పోతే సిలిండరు గోడలను, రింగులను గీకి, ఆయిల్‌లో కలిసి బేరింగుల దాకా ప్రయాణిస్తాయి. కనుక ఆయిల్ మార్చే రోజున గాలి ఫిల్టరు పెట్టెను తెరిచి, ఫిల్టరు దాటిన తరువాతి గొట్టంలో వేలు పెట్టి తుడిచి చూడడం తప్పనిసరి పనిగా పెట్టుకోవాలి. అక్కడ వేలికి మన్ను అంటితే ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా ప్రయోజనం ఉండదు.

కార్ల తయారీ సంస్థలు ఇచ్చే పుస్తకాలలో సాధారణ వినియోగానికి ఒక గడువు, కఠిన వినియోగానికి మరొక గడువు ఉంటాయి. దుమ్ము రోడ్లు, ఘాటు ఎక్కుడు, బరువు మోత, ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ముగిసే చిన్న చిన్న ప్రయాణాలు రెండవ కోవలోకి వస్తాయి. ఈ జిల్లాలో చాలా బండ్లు ఈ నాలుగింటిలో కనీసం రెండింటిని రోజూ అనుభవిస్తాయి కాబట్టి, పుస్తకంలో పదివేల కిలోమీటర్లు అని ఉంటే అందులో సగానికే మార్చుకోవడం న్యాయమైన లెక్క. ఇంటి నుంచి గంజి మార్కెట్టుకీ, అక్కడి నుంచి ఇంటికీ తప్ప కదలని బండి ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు కూడా తిరగకపోవచ్చు. అటువంటి ఇంజన్ ఎప్పుడూ సరిగా కాగదు గనుక, మండినప్పుడు పుట్టిన నీటి ఆవిరి, కాలని డీజిల్ ఆయిల్‌లోనే మిగిలిపోతాయి. దానికి కిలోమీటర్లతో నిమిత్తం లేకుండా ఏడాదికి ఒకసారైనా ఆయిల్ మార్చాలి.

ఏ ఆయిల్ పోయాలన్న ప్రశ్న డబ్బా మీది రెండు గుర్తులతో తేలిపోతుంది. 15డబ్ల్యూ-40 వంటి మొదటి గుర్తు చిక్కదనానికి సంబంధించినది. డబ్ల్యూ అంటే చలికాలం. దాని ముందున్న అంకె ఎంత తక్కువైతే ఆయిల్ అంత చలిలోనూ సులువుగా పారుతుంది. వెనుకనున్న అంకె, ఇంజన్ కాగిన తరువాత, అంటే వంద డిగ్రుల సెల్సియస్ దగ్గర, ఆయిల్ నిలుపుకునే చిక్కదనాన్ని చెబుతుంది. 15డబ్ల్యూ శ్రేణి ఆయిల్‌ను సున్నాకు ఇరవై డిగ్రులు దిగువన పరీక్షిస్తారు. వికారాబాద్‌లో జనవరి తెల్లవారుజాముల చలి ఎంత వణికించినా దాని దరిదాపులకు రాదు, కాబట్టి సుమో, క్వాలిస్, పాత బొలెరో వంటి బండ్లకు వేసవి ఎండల్లో పలచబడని 15డబ్ల్యూ-40 చాలినంత మంచిది. స్విఫ్ట్, డిజైర్, ఇండికా విస్టా వంటి అనేక కార్లలో వాడడం వల్ల మోటారు పత్రికలు జాతీయ ఇంజన్ అని ముద్దుపేరు పెట్టిన ఫియట్ 1.3 లీటర్ల ఇంజన్ విషయం వేరు; దాని సన్నని ఆయిల్ దారులకూ గొలుసు బిగింపు యంత్రానికీ తగినట్లు పలచని 5డబ్ల్యూ శ్రేణి ఆయిల్‌ను సూచిస్తారు, అక్కడ చవకగా వస్తుందని చిక్కని ఆయిల్ పోయడం పొరపాటు. రెండవ గుర్తు అమెరికా పెట్రోలియం సంస్థ ఇచ్చే నాణ్యతా శ్రేణి. ఎస్ అక్షరంతో మొదలైతే పెట్రోలు ఇంజన్‌కూ, సీ అక్షరంతో మొదలైతే డీజిల్ ఇంజన్‌కూ అని గుర్తుపెట్టుకుంటే చాలు. సీఎఫ్-4, సీహెచ్-4, సీఐ-4 అనే వరుసలో తరువాతిది ముందుదాని కంటే మసిని మెరుగ్గా మోస్తుంది కనుక, పాత పుస్తకంలో సీఎఫ్-4 అని ఉన్న బండికి సీఐ-4 పోయవచ్చు.

ఇక ఆయిల్ తాగుతున్న బండికి మరింత చిక్కని ఆయిల్ పోస్తే నయమవుతుందన్న నమ్మకం ఈ ప్రాంతపు షెడ్లలో బలంగా ఉన్నది. నీలిపొగ కొంతకాలం తగ్గినట్లు కనిపించవచ్చు గాని, అరిగిన రింగును ఏ ఆయిలూ తిరిగి పెంచలేదు. నకిలీ ఆయిల్ బెడద మాత్రం అసలైనది. ఖాళీ డబ్బాలను కొని వాటిలో నాసిరకం ఆయిల్ నింపి అమ్మేవారు ఉంటారు కాబట్టి, మూత ముద్ర చెదరని డబ్బాను నమ్మకమైన దుకాణంలో కొని, పని అయ్యాక ఆ ఖాళీ డబ్బాను కత్తితో చీల్చి పారేయడం మేలు.

పని మొదలుపెట్టే ముందు స్థలం చూసుకోవాలి. తాండూరు ఇళ్ల ముందు పరిచిన నునుపైన నాపరాళ్లు రెండు విధాలుగా ఇబ్బంది పెడతాయి: ఒలికిన ఆయిల్‌ను పీల్చుకుని శాశ్వతంగా మరక పడతాయి, చుక్క ఆయిల్ పడితే వాటి మీద జాకీ జారుతుంది. వాటికంటే పెద్ద ప్రమాదం, అందుబాటులో ఉన్నాయి కదా అని నాపరాళ్ల ముక్కలనే ఒకదాని మీద ఒకటి పేర్చి బండి కింద ఆసరాగా పెట్టడం. ఈ రాయి పొరలు పొరలుగా ఏర్పడినది కాబట్టే ఉలి దెబ్బకు పలకలుగా విడివడుతుంది. అదే గుణం వల్ల అంచు మీద బరువు పడినప్పుడు హెచ్చరిక లేకుండా పగులుతుంది. జాకీ బండిని ఎత్తడానికి మాత్రమే పనికివస్తుంది, పట్టి ఉంచడానికి పనికిరాదు. కాబట్టి జాకీ ఒక్కదాని మీదే నిలిచిన బండి కిందికి మనిషి ఎప్పుడూ దూరకూడదు. చక్రాలకు అడ్డుకట్టలు వేసి, ఇనుప స్టాండ్ల మీద బరువు దింపి, చేత్తో ఊపి చూసిన తరువాతే కిందికి వెళ్లాలి. సుమో, బొలెరో వంటి ఎత్తైన బండ్ల కింద పడుకుని చేయడానికి చోటుంటుంది కాబట్టి వాటిని ఎత్తనవసరమే లేదు, ఈ విషయంలో వాటి యజమానులు అదృష్టవంతులు.

బండిని పది పదిహేను నిమిషాలు తిప్పి తెచ్చి, ఇంజన్ ఆపి మరో పది నిమిషాలు ఆగితే ఆయిల్ చక్కగా పారేటంత పలచగానూ, చెయ్యి కాలనంత గోరువెచ్చగానూ ఉంటుంది. చల్లని ఇంజన్‌లోంచి దించితే మసి, మడ్డి చాంబర్ అడుగునే మిగిలిపోతాయి. బాగా కాగినప్పుడు దించితే తొంభై డిగ్రుల ఆయిల్ ముంజేతి మీదుగా కారుతుంది. పైన ఆయిల్ పోసే మూతను, గేజ్ కడ్డీని ముందే సడలిస్తే గాలి ఆడి ఆయిల్ ఎగిరిపడకుండా సాఫీగా దిగుతుంది. బండికి పట్టేదానికంటే రెండు లీటర్లు ఎక్కువ పట్టే తొట్టిని కింద పెట్టుకోవాలి. స్విఫ్ట్ డీజిల్‌కు మూడు లీటర్ల పైచిలుకు, మొదటి తరం ఇన్నోవాకు దాదాపు ఏడు లీటర్లు పడుతుంది. ఖచ్చితమైన కొలత బండి పుస్తకంలోనే చూసుకోవాలి. డ్రెయిన్ బోల్టును విప్పడానికి సరైన కొలత గల రింగ్ పానా గాని సాకెట్ పానా గాని వాడాలి. వదులుగా పట్టే పానాతో బోల్టు తల మూలలు గుండ్రమైపోతే ఆ తరువాత షెడ్డుకు పోక తప్పదు. చివరి మరలు చేత్తో తిప్పేటప్పుడు బోల్టును లోపలికి నొక్కి పట్టి తిప్పి, ఒక్కసారిగా పక్కకు లాగితే చేతికి ఆయిల్ అంతగా అంటదు. చేతులకు రబ్బరు తొడుగులు ఉండాలి. వాడిన ఇంజన్ ఆయిల్‌లో చర్మానికి పదే పదే తగిలితే క్యాన్సర్‌కు దారితీయగల పదార్థాలు ఉంటాయన్నది వైద్యరంగం అంగీకరించిన విషయం, మెకానిక్కులు దీన్ని పట్టించుకోకపోవడం వేరే సంగతి.

ఆయిల్ చుక్కచుక్కగా మారేదాకా, అంటే పావుగంటకు తగ్గకుండా, వదిలివేసి ఈలోగా ఫిల్టరు సంగతి చూడవచ్చు. పాత బండ్లలో డబ్బా ఆకారపు ఫిల్టరును మొత్తంగా తిప్పి తీసి కొత్తది బిగిస్తారు, ఫియట్ 1.3 ఇంజన్‌లో మాత్రం గిన్నె వంటి గూడు మూత విప్పి లోపలి కాగితపు ఫిల్టరును, మూత చుట్టూ ఉండే రబ్బరు రింగును మారుస్తారు. డబ్బా ఫిల్టరు తీసినప్పుడు దాని పాత రబ్బరు వాషరు ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోవడం తరచుగా జరుగుతుంది. గమనించకుండా దాని మీదే కొత్తది బిగిస్తే ఇంజన్ స్టార్ట్ చేసిన క్షణాల్లో ఆయిలంతా నేలపాలవుతుంది. కొత్త ఫిల్టరు రబ్బరుకు కాస్త కొత్త ఆయిల్ రాసి, రబ్బరు ఆనిన తరువాత చేత్తోనే ముప్పావు చుట్టు తిప్పితే చాలు. పానా పెట్టి బిగించడం అంటే వచ్చేసారి దాన్ని విప్పలేకపోవడానికి ఏర్పాటు చేసుకోవడమే.

డ్రెయిన్ బోల్టు కింద ఉండే రాగి లేదా అల్యూమినియం వాషరు మెత్తనిది. బిగించినప్పుడు కొద్దిగా నలిగి సందును మూస్తుంది కనుక ఒకసారి నలిగినదాన్ని మళ్లీ వాడకూడదు. కొన్ని రూపాయల ఈ వస్తువును ఆదా చేయబోయి, కారుతున్నది కదా అని బోల్టును మరింత బిగించడం వల్లనే చాంబర్ మరలు పోతాయి. చాలా కార్లకు ఈ బోల్టు బిగింపు 25 నుంచి 40 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచి లేనివారు చిన్న పానా పట్టుకుని మణికట్టు బలంతో గట్టిగా బిగించి ఆపేయాలి, పానాకు గొట్టం తొడిగి దాని మీద వేలాడకూడదు. అల్యూమినియం చాంబర్ ఉన్న బండ్లలో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

కొత్త ఆయిల్‌ను కొలతకు అర లీటరు తక్కువగా పోసి, కాసేపాగి గేజ్ కడ్డీతో చూస్తూ కొద్దికొద్దిగా పెంచాలి. రెండు గుర్తుల మధ్యన పై గుర్తుకు దగ్గరగా ఉంటే సరి. పై గుర్తు దాటితే తిరిగే క్రాంకు ఆయిల్‌ను చిలికి నురుగు చేస్తుంది, నురుగు బేరింగులను కాపాడలేదు. అతిగా పోసిన డీజిల్ ఇంజన్‌కు మరొక గండం కూడా ఉన్నది: ఆ ఆయిల్ గాలి దారిలోకి పోతే ఇంజన్ దాన్నే ఇంధనంగా మండించుకుని, తాళం తీసినా ఆగకుండా పరుగెత్తవచ్చు. స్టార్ట్ చేసిన తరువాత ఆయిల్ దీపం ఆరేదాకా, ఆపైన మరో నిమిషం కూడా యాక్సిలరేటర్ తొక్కకూడదు. ఖాళీ ఫిల్టరు నిండి, ఆయిల్ పైదాకా చేరడానికి కొన్ని సెకన్లు పడుతుంది. టర్బో ఉన్న బండ్లలో నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరగగల సన్నని ఇరుసు పలచని ఆయిల్ పొర మీదే తేలుతూ ఉంటుంది కాబట్టి ఆ కొన్ని సెకన్లే దానికి ప్రాణాంతకం. తరువాత ఇంజన్ ఆపి, బోల్టునూ ఫిల్టరునూ లైటు వేసి పరిశీలించి, పది నిమిషాల తరువాత మట్టం మళ్లీ చూసుకోవాలి.

తొట్టిలో ఉన్న పాత ఆయిల్‌ను వెంటనే డబ్బాలోకి ఎత్తకుండా కొంతసేపు నిలవనిచ్చి చూస్తే ఇంజన్ స్థితి కొంత బయటపడుతుంది. నలుపు గురించి పట్టించుకోనక్కరలేదు. పాలు కలిపిన కాఫీ రంగులో మడ్డి ఉంటే రేడియేటరు నీళ్లు ఆయిల్‌లో కలుస్తున్నాయని, సిలిండరు హెడ్ కింది గ్యాస్కెట్ గాని ఆయిల్ కూలరు గాని దెబ్బతిన్నదని అనుమానించాలి. చలికాలంలో పైమూత అడుగున మాత్రమే కాస్త తెల్లని నురగ ఉంటే అది చిన్న ప్రయాణాల తేమ కావచ్చు. పోసిన దానికంటే ఎక్కువ ఆయిల్ దిగి, దానికి డీజిల్ వాసన ఉంటే ఇంజెక్టరో, పంపు సీలో డీజిల్‌ను లోపలికి వదులుతున్నదన్నమాట. మట్టం తగ్గడం గురించి ఆందోళన పడేవారు కూడా మట్టం పెరగడాన్ని తేలికగా తీసుకుంటారు, నిజానికి పలచబడిన ఆయిల్‌తో నడిచే ఇంజన్ తొందరగా బేరింగులు పోగొట్టుకుంటుంది. బోల్టుకు అయస్కాంతం ఉంటే దానికి అంటుకునే సన్నని బూడిద రంగు పేస్టు సహజమైన అరుగుదలే. వెలుతురులో మెరిసే రేకు ముక్కలు కనిపిస్తే మాత్రం కొత్త ఆయిల్ పోసి ఊరుకోకుండా అనుభవం గల మెకానిక్కుకు చూపించాలి, ముఖ్యంగా రాగి రంగు మెరుపు బేరింగు బుష్‌ల లోపలి పొర బయటపడిందని చెబుతుంది.

ఈ మొత్తం పనిలో అందరూ దాటవేసే భాగం, దించిన ఆయిల్‌ను ఏం చేయాలన్నది. సెంట్రింగ్ పలకలకు పూయడం, దర్వాజాలకు చెదలు పట్టకుండా రాయడం, దుమ్ము లేవకుండా వాకిట్లో చల్లడం, మోరీలో పారబోయడం ఇక్కడ నడుస్తున్న పద్ధతులు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు వాడిన ఆయిల్‌ను ప్రమాదకర వ్యర్థంగానే పేర్కొన్నాయి. వాటికి 2023లో చేసిన సవరణ ప్రకారం 2024 ఏప్రిల్ 1 నుంచి, ఆయిల్ తయారుచేసేవారూ దిగుమతి చేసుకునేవారూ తాము అమ్మినదానిలో నిర్ణీత శాతం మేరకు వాడిన ఆయిల్ తిరిగి శుద్ధి అయ్యేటట్లు చూడవలసిన బాధ్యత ఏర్పడింది. ఒక్క కారు నుంచి దించిన ఆయిల్ పది లక్షల గ్యాలన్ల, అంటే దాదాపు 38 లక్షల లీటర్ల మంచినీటిని చెడగొట్టగలదని అమెరికా పర్యావరణ సంస్థ చాలాకాలంగా హెచ్చరిస్తున్నది.

వికారాబాద్, తాండూరుల భౌగోళిక స్థితి ఈ హెచ్చరికకు మరింత బరువు ఇస్తుంది. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ తూర్పుకు సాగి, 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్‌లో, జనం గండిపేట అని పిలుచుకునే జలాశయంలో చేరి హైదరాబాదుకు తాగునీరైంది. తాండూరు పక్కన పారే కాగ్నా పడమటికి వెళ్లి కర్ణాటకలో భీమా నదిలో కలుస్తుంది. కొండకు ఈ పక్కన పారబోసినా ఆ పక్కన పారబోసినా చివరికి చేరేది కృష్ణలోకే. పైగా తాండూరు కింద ఉన్నది భీమా పరీవాహకపు సున్నపురాయి. పొరల మధ్య సందులూ నిలువు బీటలూ ఉన్న ఈ రాతిలో, మట్టి వడపోసే అవకాశం ఇవ్వకుండానే ద్రవాలు దిగిపోగలవు. ఇంటి వెనుక గుంత తీసి పోసిన ఆయిల్ ఎక్కడికీ పోదనుకోవడం ఈ నేల స్వభావం తెలియనివారి మాట.

సిమెంటు బట్టీల్లో ఉష్ణోగ్రత 1400 డిగ్రులు దాటుతుంది కనుక కొన్ని ప్రమాదకర వ్యర్థాలను అనుమతితో అక్కడ మండించే పద్ధతి దేశంలో ఉన్నది. అది పద్ధతి ప్రకారం పెద్దమొత్తంలో చేరే వ్యర్థాలకు సంబంధించిన ఏర్పాటు, ఎవరో ఒకరు నాలుగు లీటర్ల డబ్బాతో గేటు దగ్గరికి వెళ్లే వ్యవహారం కాదు. వాడిన ఆయిల్‌ను శుద్ధి చేయడమే అన్నిటికంటే మేలైన దారి. అందులోని నీటినీ డీజిల్‌నూ వేడితో తొలగించి, శూన్యపీడనంలో స్వేదనం చేసి, మళ్లీ ఇంజన్ ఆయిల్‌కు మూలద్రవంగా పనికివచ్చే స్థితికి తెస్తారు. ఆయిల్‌లో నీళ్లు గాని బ్రేక్ ఆయిల్ గాని కూలెంట్ గాని కలిస్తే శుద్ధి కష్టమవుతుంది కాబట్టి, దించినదాన్ని దించినట్లే మూత గట్టిగా ఉండే డబ్బాలో పోసి, కంపెనీ సర్వీసు కేంద్రానికి గాని, కాలుష్య నియంత్రణ మండలి గుర్తింపు ఉన్న సేకరణదారుకు డ్రమ్ములు అప్పగించే షెడ్డుకు గాని ఇవ్వాలి. ఏ షెడ్డు ఎవరికి అప్పగిస్తుందో ఆయిల్ కొనకముందే అడిగి తెలుసుకోవడం మంచిది. సమాధానం చెప్పలేని చోట ఆ డ్రమ్ము ఇటుక బట్టీలో మండే అవకాశమే ఎక్కువ. డబ్బా ఫిల్టరును మూసి ఉన్న చివర మేకుతో పొడిచి, ఒక రాత్రంతా తొట్టి మీద బోర్లించి ఉంచితే అందులోని మిగతా ఆయిల్ కూడా దిగుతుంది. నేల మీద ఒలికినదాని మీద నీళ్లు కొట్టకుండా రంపపు పొట్టు చల్లి, పీల్చుకున్నాక ఊడ్చి, ఆ పొట్టును విడి సంచిలో కట్టి అదే డబ్బాతో పాటు అప్పగించాలి.